మా తాతయ్య కుళ్ళుకున్న రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో కోడిగుడ్డును రెండుగా పంచేవారు. తెల్లసొన మా మావయ్యకి, పచ్చసొన నాకు. పచ్చసొనలోనే రుచంతా ఉందని మా అమ్మ ఎంత నచ్చజెప్పినా, నా లెక్కలో అది మావ తినగా మిగిలిందే. గుడ్డు ఉడికేది మావ కోసం, ఒలిచేది మావ కోసం, నా వంతుకు లోపలి ముద్ద. దాన్ని కోపంగా నమిలి మింగేవాణ్ణి.

మావ అంటే మా అమ్మకు తమ్ముడు. బాక్సర్. సరదాకి ఆడేవాడు కాదు, పిలుపు వస్తే చెన్నై దాకా, ఒకసారి బ్యాంకాక్ దాకా వెళ్లి కొట్లాడి వచ్చిన వృత్తి బాక్సర్. సన్నటి మనిషి. యాభై ఒక్క కిలోలు దాటని వాళ్ల మధ్య జరిగే పోటీల్లో దిగేవాడు, దిగిన ప్రతిసారీ గెలిచేవాడు. మా నాన్న కొబ్బరికాయల లారీ తోలుతూ నెలలో సగం రోజులు ఒడిశా అవతలే ఉండేవారు కాబట్టి అమ్మా నేనూ తాతయ్య ఇంట్లోనే ఉండేవాళ్లం. పలాసకూ సముద్రానికీ మధ్య, ఉద్దానం తోటల్లో ఉంటుంది మా ఊరు.

మావను చూడడానికి టెక్కలి నుంచి కూడా కుర్రాళ్లు మోటారు సైకిళ్ల మీద వచ్చేవారు. వచ్చినవాళ్లలో ఒక్కడూ నా పేరు అడిగిన పాపాన పోలేదు. బళ్లో డ్రిల్లు మాస్టారు నన్ను ఆపి మరీ మావ క్షేమం కనుక్కునేవారు. నేను లెక్కల్లో ఫస్టు వచ్చిన రోజునే మావ ఫొటో పేపర్లో పడింది. ఇల్లంతా ఆ పేపరు చుట్టూ మూగింది. నా ప్రోగ్రెస్ కార్డు మీద మర్నాటి దాకా ఎవరూ సంతకం పెట్టలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇప్పుడు తలుచుకున్నా కొంచెం మండుతుంది.

పోటీ దగ్గర పడితే మా ఇంటికి వేరే చట్టం వచ్చేది. చేపల వేపుడు బంద్, ఆ వాసనకు మావ నోరూరుతుందని. భావనపాడు చేపలు తెచ్చే ఆమెను మా అమ్మమ్మ వీధి మొదట్లోనే ఆపేసేది. పప్పులో తాలింపు కూడా తగ్గిపోయేది. మావ బరువు దిగాలంటే ఇంటిల్లిపాదీ చప్పిడి తినాలన్నమాట. మావకు పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పని. పప్పు ఆరబెట్టే వేడి గదిలో రెండు స్వెట్టర్లు తొడుక్కుని కూర్చుని చెమటలు కార్చేవాడు. తర్వాత పప్పు బస్తాలు తూచే కాటా మీదే తనూ నిలబడి బరువు చూసుకునేవాడు.

ఇక మా తాతయ్య. ఆయన రెండు కిడ్నీలూ పాడైపోయాయి. మా వైపు ఇది కొత్త సంగతి కాదు. ప్రతి వీధిలోనూ కాళ్లు వాచి మంచం పట్టిన మనిషి ఒకరైనా ఉండేవారు. నీళ్లలో ఏదో ఉందని కొందరు, ఎండలో పని వల్లనని కొందరు అనేవారు గాని, ఎవరూ తేల్చి చెప్పలేకపోయారు. తాతయ్య విశాఖపట్నం వెళ్లి రక్తం శుద్ధి చేయించుకుని వస్తుండేవారు. ఆయనకు రోజుకు ఒక చిన్న సీసాడు నీళ్లే. అంతకు మించి తాగితే ఒళ్లు ఉబ్బి ఊపిరాడదు. మా అమ్మమ్మ పొద్దున్నే ఆ సీసా నింపి మంచం పక్కన పెట్టేది. తాతయ్య దాన్ని మూతలో పోసుకుని, మూతెడు మూతెడు చొప్పున సాయంత్రం దాకా సరిపెట్టుకునేవారు.

ఆ ఏడు మే నెలలో మావకు పెద్ద పోటీ వచ్చింది. చెన్నైలో. గెలిస్తే నడుముకు బెల్టు కడతారు. అన్నేళ్ల కష్టం ఆ బెల్టు కోసమే. పోటీకి ముందురోజు బరువు చూస్తారు. యాభై ఒకటికి ఒక్క రవ్వ ఎక్కువున్నా దింపరు. కాని అప్పటికి మావ ఒళ్లు కాస్త ముదిరింది, ఎంత పస్తున్నా బరువు దిగడం లేదు. రైలెక్కాల్సిన రోజుకు ఇంకా కిలోన్నర మిగిలిపోయింది. ఇక వదులుకోవడానికి ఒంట్లో నీళ్లు తప్ప ఏమీ లేవు. ముందురోజు నుంచే మావ నీళ్లు ముట్టడం మానేశాడు.

ఆ మధ్యాహ్నం నేను ఆడి ఆడి ఇంటికొచ్చేసరికి వరండాలో మావ గోడకు చేరగిలబడి ఉన్నాడు. పిక్కలు పట్టేస్తే మా అమ్మ పక్కన కూర్చుని నూనె రాస్తోంది. నా మోకాలు చీరుకుపోయి రక్తం కారుతున్నా ఆవిడ తలెత్తి చూడలేదు. నేను విసురుగా కుండ దగ్గరికి వెళ్లి, చెంబు ముంచి, తలెత్తి గటగటా తాగాను. సగం నీళ్లు గుండెల మీదే కారాయి. తాగి తిరిగి చూస్తే మంచం మీద నుంచి తాతయ్య, గోడ దగ్గర నుంచి మావ, ఇద్దరూ నా గొంతునే చూస్తున్నారు.

కాసేపటికి మావ లేచి దొడ్లోకి వెళ్లి వచ్చాడు. తాతయ్య దగ్గరికి పిలిచి, మూత్రం ఏ రంగులో ఉందని అడిగారు. మావ నసిగాడు. మళ్లీ గట్టిగా అడిగితే టీ రంగులో ఉందన్నాడు. తాతయ్య మంచం మీద లేచి కూర్చున్నారు. తనకు జబ్బు బయటపడిన రోజుల్లోనూ అలాగే ఉండేదని అప్పుడు చెప్పారు. అమ్మ ఏడుపు మొదలెట్టింది. అమ్మమ్మ దండం పెట్టి బతిమాలింది. మావ ఎవరి మాటా వినలేదు. రేపు కాటా దిగిన వెంటనే తాగేస్తానన్నాడు.

అప్పుడు తాతయ్య, కోపం లేకుండా, ఏదో రహస్యం చెప్పినట్టు అన్న మాటలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

"ఒరే, నాకు నిన్ను సూత్తే కుళ్ళుగా ఉందిరా. కడుపున పుట్టినోడి మీద కుళ్ళు. నువ్వు బిందెడు తాగినా నిన్నేటీ అనీవోడు లేడు. నాకు రెండు మూతలు ఎక్కువైతే ఊపిరాడదు. ఆ కుండ దగ్గిరికెల్లి నువ్వు తాగకండా ఎనక్కి ఒచ్చీసినప్పుడల్లా నా పేణం ఎలగుంతాదో నీకు తెల్దు."

ఆ తర్వాత తన సీసా తీసి ఇద్దరికీ మధ్య నేల మీద పెట్టారు. నువ్వు తాగేదాకా నేను ముట్టను అన్నారు. అంతే. గోడ వైపు తిరిగి పడుకున్నారు.

మే నెల ఎండ ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఆయన ముట్టలేదు. మావా కదల్లేదు. నన్నెవరూ పట్టించుకోలేదు. నాకు భయంగానూ ఉంది, దాన్ని మించి కుళ్ళుగానూ ఉంది. మావ కోసం ఒక మనిషి దాహం చంపుకుని పడుకున్నాడు. నా కోసం ఈ ఇంట్లో ఎవరైనా ఏదైనా మానుకున్నారా అని లెక్క వేసుకున్నాను. ఒక్కటీ తట్టలేదు.

ఎండ వాలేవేళకు స్టేషనుకు తీసుకెళ్లే ఆటో వచ్చి హారన్ కొట్టింది. మావ బ్యాగు భుజాన వేసుకుని తాతయ్య కాళ్లకు దండం పెట్టాడు. తాతయ్య దీవించబోయారు. నాలుక అంగిట్లో అతుక్కుపోయి మాట రాలేదు. రెండోసారి ప్రయత్నించారు, అప్పుడూ రాలేదు. మావ మెట్టు దిగాడు. అక్కడే నిలబడిపోయాడు. ఆటో మళ్లీ హారన్ కొట్టింది.

మావ వెనక్కి వచ్చి, సీసా మూత తీసి తాతయ్య చేతికి ఇచ్చి, తను కుండ దగ్గరికి వెళ్లి చెంబు ముంచాడు. ఇద్దరూ ఒకేసారి ఎత్తారు. తాతయ్య సీసా ఇట్టే అయిపోయింది. మావ తాగుతూనే ఉన్నాడు. ఒక చెంబు, ఇంకో చెంబు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, నోటితో నీళ్లు తాగుతున్నాడు. మంచం మీద నుంచి తాతయ్య కొడుకు గొంతు కదలడం చూస్తూ ఉండిపోయారు. ఆ చూపులో సంతోషం ఉంది, కుళ్ళూ ఉంది. రెండూ ఒక్క ముఖంలో ఉండగలవని అప్పటిదాకా నాకు తెలియదు.

ఆటోను పంపేశారు. మావ వీధి చివర బూత్‌కి వెళ్లి విశాఖలో ఉన్న కోచ్‌కి ఫోన్ చేశాడు. ఆయన తిట్లు బూత్ బయట నిలబడ్డ నాకు కూడా వినబడ్డాయి. మావకు బదులు ఇంకెవరో కుర్రాడు వెళ్లి, గెలిచి, ఆ బెల్టు కట్టుకున్నాడు.

ఆ సాయంత్రం మావ వరండాలో ఒక్కడే కూర్చుని ఉంటే వెళ్లి పక్కన కూర్చున్నాను. తాతయ్య చెప్పగా లేనిది నేనెందుకు చెప్పకూడదనిపించింది. నాకు నువ్వంటే కుళ్ళు మావా అన్నాను. పచ్చసొన దగ్గర నుంచి ప్రోగ్రెస్ కార్డు దాకా అన్నీ చెప్పేశాను. కొడతాడేమో అనుకున్నాను.

"నిన్నటి కాణ్ణించి నాకు నీ మీదేరా కుళ్ళు. సెంబెత్తి తాగతంటే, నాను ఈ గుంటడ్నయినా బాగున్ను అనిపించింది" అన్నాడు.

ఊరంతా ఎవరిలా ఉండాలని కోరుకునేదో ఆ మనిషి నాలా ఉండాలనుకున్నాడని వినడం ఎలా ఉంటుందో చెప్పలేను. నా చీరుకుపోయిన మోకాలు కడిగింది కూడా ఆయనే.

తర్వాత మావ పై బరువుకు మారాడు. అక్కడివాళ్లు పొడగరులు, చేతులు బారెడు. కొన్ని గెలిచాడు, ఎక్కువ ఓడాడు. బెల్టు మాత్రం మళ్లీ అందలేదు. దాన్ని కట్టుకున్న ఆ కుర్రాడు టీవీలో కనబడితే ఇప్పటికీ ఛానల్ మార్చేస్తాడు. తాతయ్య ఆ మరుసటి ఏడు పోయారు. ఆఖరి రోజుల్లో ఇక ఏం అడిగినా ఇచ్చెయ్యమని డాక్టరు చెబితే, మావ గ్లాసు పట్టుకుని మంచం పక్కనే కూర్చున్నాడు. తాతయ్యకు రెండు గుక్కలు మించి దిగలేదు.

అసూయ చెడ్డదని బళ్లో చెప్పారు, మా అమ్మా చెప్పింది. నిజమే కావచ్చు. నేను చూసిన అసూయ మాత్రం ఒక మనిషి చేత నీళ్లు తాగించింది. దాన్ని లోపల దాచుకోకుండా, ఎవరి మీద పుట్టిందో వాళ్ల ముందే విప్పి చెప్పినందువల్లే అనుకుంటాను. అందుకే నాకు ఎవరిని చూసి కడుపు మండినా వెళ్లి వాళ్లకే చెప్పేస్తాను. కొందరు నవ్వేస్తారు. కొందరు నాతో మాటలు మానేశారు.

మావ ఇప్పుడు టెక్కలిలో ఒక రేకుల షెడ్డులో పిల్లలకు బాక్సింగ్ నేర్పుతున్నాడు. మా అమ్మాయి అక్కడికే వెళుతుంది. ఇంట్లో నోరు విప్పదు, విప్పితే అంతా ఆయన కబుర్లే. పోయిన ఆదివారం ఇక ఉండబట్టలేక, నా కూతురు నీ మాటే వింటోంది, నాకు కుళ్ళుగా ఉంది మావా అని చెప్పేశాను. ఆయన నా రెండు చేతులకూ గుద్దులు కాచుకునే ప్యాడ్లు తొడిగి మా అమ్మాయి ముందు నిలబెట్టాడు. అది చిన్నపిల్ల అనుకున్నాను. భుజాలు ఇప్పటికీ నొప్పిగానే ఉన్నాయి. కాని ఇల్లు చేరేదాకా స్కూటరు మీద నా వీపుకు ఆనుకుని, నా చెవిలో వాగుతూనే ఉంది.