తెల్లకళ్ళ వీరుడు, గరిట పట్టిన విలన్

మొట్టమొదట నేను చూసిన కామిక్స్ పేజీలో ఒక మనిషి రైలింజన్ని నెత్తి మీదికి ఎత్తి పట్టుకున్నాడు. పేజీ మొత్తానికీ అదొక్కటే బొమ్మ. కింద జనం, అందరి తలలూ పైకే. నాకు తెలియకుండానే నా తల కూడా పైకి లేచింది. పైన చూస్తే టార్పాలిన్, దాని చిల్లుల్లోంచి ఎండ.

అది బెంగాల్లో, ఓడరేవు పక్కనున్న ఏక్‌బాల్‌పూర్‌లో మా సందు మలుపున ఉన్న పాతపుస్తకాల కొట్టు. గోడకు ఆనించిన ఒక బల్ల, దాని మీద ఓడలవాళ్ళు చదివి వదిలేసిన ఇంగ్లీషు కామిక్స్, పక్కన చిరిగిన బడి పుస్తకాలు. కొట్టు నడిపే బెంగాలీ ఆయనను పిల్లా పెద్దా అందరూ దాదా, అంటే అన్నా, అనే పిలిచేవాళ్ళు. నిలబడి చదివితే ఆయన ఏమీ అనేవాడు కాదు. నేను హిందీ బడిలో చదివేదాన్ని. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు గాని అర్థం తెలిసేది కాదు. అందుకని మాటలు వదిలేసి బొమ్మలు చదివేదాన్ని.

ఆ ఇంజన్ పుస్తకాన్ని దాదా ఒక రోజు ఇంటికి తీసుకుపోనిచ్చాడు. పని కోసం తెలుగు ఊరు వదిలి వచ్చిన మా నాన్న రేవులో, అంటే డాకులో, ఓడల సరుకు దించే గ్యాంగులో పనిచేసేవాడు. పని నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే ఆయన ముందు ఆ పేజీ తెరిచి పట్టుకున్నాను.

"ఈడెవడే?"

"హీరో."

"ఇంజన్ని ఇలగ మద్దిలో పట్టుకొని ఎత్తితే నిలస్తాదేటి? మేం నాలుగు పక్కలా తాళ్ళేసి, కిరేను పెట్టి ఎత్తుతాం. అయినా ఊగుతాది."

నా మొహం చిన్నబోయింది. కానీ నాన్న పుస్తకం తిరిగివ్వలేదు. గుమ్మం దగ్గరికి వెళ్ళి, వెలుగులో పెట్టి, ఆ మనిషి చేతుల్నే చూస్తూ ఉండిపోయాడు.

"అయినా ఎత్తినాడు సూడు," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి.

మా అన్నయ్యకు హీరోలంటే ప్రాణం. నేను విలన్ల పక్షం. దీని మీద మాకు రోజూ తగవే. హీరోకు శక్తి ఊరికే వస్తుందని నా ఫిర్యాదు. పిడుగు పడుతుంది, లేకపోతే ఆకాశంలోంచి ఏదో రాయి వచ్చి తగులుతుంది, అదీ కాకపోతే పుట్టుకతోనే వేరే లోకం నుంచి తెచ్చుకుంటాడు. మర్నాడు లేచేసరికి గోడలు బద్దలు కొడుతుంటాడు. విలన్‌కు అంత సుఖం లేదు. నేలమాళిగలో కూర్చుని ఏళ్ళ తరబడి యంత్రం బిగించుకుంటాడు. ప్రతి కథలోనూ ఓడిపోతాడు. మళ్ళీ కొత్త యంత్రంతో వస్తాడు. కష్టపడేవాడికే మర్యాద దక్కాలని నాన్న యూనియన్ మీటింగుల్లో విని వచ్చి మాకు చెప్పేవాడు. ఆ లెక్కన ఈ పుస్తకాల్లో అసలు కార్మికుడు విలనే అని నేననేదాన్ని.

"ఊరిని ముంచీసే పని కూడా పనేటే?" అనేవాడు అన్నయ్య. నేను గబగబా పేజీ తిప్పేసేదాన్ని.

నాకు అందరికన్నా ఇష్టమైన విలన్ ఒక ముసలి శాస్త్రవేత్త. అతని ఇల్లూ పిల్లలూ సముద్రంలో మునిగిపోయారు. ఆ కోపంతో సముద్రాన్నే ఎండగట్టాలని బయలుదేరాడు. అతన్ని అడ్డుకునే హీరోకు భుజాల మీంచి జారే నీలి వస్త్రం, మొహానికి ముసుగు. ముసుగులో కళ్ళుండాల్సిన చోట రెండు తెల్లటి ఖాళీలు, అంతే. అవి నాకు నచ్చేవి కావు. ముసలాడి కళ్ళల్లో ఎర్ర జీరలతో సహా గీసిన బొమ్మలవాడు హీరోకు కనుగుడ్లయినా ఎందుకు పెట్టలేదు? బద్ధకమా? ఈ హీరో ఎవరినీ చూడడని, అందుకే ఎవరి మీదా జాలి లేదని నేను తీర్మానించుకున్నాను.

ఆ రోజుల్లోనే ఇంజను పాడై ఒక ఓడ డాకులో ఆగిపోయింది. విడి భాగాలు ఎక్కడి నుంచో రావాలట. చేసేందుకు పనిలేక ఓడవాళ్ళు వీధుల్లో తిరిగేవారు. వాళ్ళలో ఒకాయన రోజూ దాదా కొట్టుకు వచ్చేవాడు. నడివయసు మనిషి, తూర్పు సముద్రాల్లో ఏవో దీవులవాడు. ఓడలో రంగులు వేయడం, డెక్కు కడగడం ఆయన పని. ఆయనా దాదా వచ్చీరాని ఇంగ్లీషులో మాట్లాడుకుంటూ మట్టి కప్పుల్లో టీ తాగేవారు.

ఒక సాయంత్రం నేను నా ముసలి విలన్ పుస్తకం చూస్తుంటే ఆయన దాదాతో ఏదో అన్నాడు.

"ఇందులో నీకెవరు ఇష్టమని అడుగుతున్నాడు," అన్నాడు దాదా బెంగాలీలో.

నేను ముసలాడి మీద వేలు పెట్టాను. ఆయన నవ్వలేదు. బల్ల మీదున్న అట్టపెట్టె మూత ఒకటి తీసుకుని, జేబులోంచి బాల్‌పెన్ను తీశాడు. ముందు కోడిగుడ్డు లాంటి ఒక సున్నా గీశాడు. దానికి అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత. ఇంతేనా, ఇది నేనూ గీస్తానుగా అనుకున్నాను. అంతలో ఆ సున్నాకు దవడ వచ్చింది. దవడ కింద నరం వచ్చింది. ఒక వంపు గీత గీస్తే భుజం కుంగింది. ఇంకో రెండు గీతలకు నా ముసలాడు అట్ట మీద నిలబడి నన్ను దాటి ఎక్కడికో చూస్తున్నాడు.

అంతవరకూ ఆ బొమ్మలను మనుషులు గీస్తారని నాకు తోచనే లేదు. ఏదో పెద్ద మిషన్ నుంచి వస్తాయనుకున్నానో, ఆ హీరోలుండే చోటి నుంచే వస్తాయనుకున్నానో ఇప్పుడు చెప్పలేను. గోళ్ళ సందున రంగు ఇరుక్కున్న ఆ చేతిలోంచి ఒక మనిషి పుట్టాడు. ఓడ ఎక్కకముందు తన ఊళ్ళో కామిక్స్ గీసేవాళ్ళ దగ్గర కొన్నాళ్ళు పనిచేశాడని దాదా అడిగి చెప్పాడు.

నీలి వస్త్రం హీరోను కూడా గీయమన్నాను. గీశాడు. కళ్ళు మాత్రం ఖాళీగానే వదిలేశాడు.

"కళ్ళు ఎందుకు పెట్టలేదో అడుగు దాదా."

దాదా అడిగాడు. ఆయన నెమ్మదిగా చెప్పాడు. దాదా దాన్ని ఇంకా నెమ్మదిగా బెంగాలీలో పెట్టాడు. "కనుపాప పెడితే అతను ఏదో ఒక వైపే చూస్తాడు. పెట్టకపోతే, ఎవరు పుస్తకం తెరిస్తే వాళ్ళనే చూస్తాడట. ముసలాడు అలా కాదు. వాడికి కనిపించేది ఒక్కటే. అదేమిటో మనకు తెలియాలి, అందుకే వాడికి కళ్ళు కావాలంటున్నాడు."

నేను అట్టను కుడికి తిప్పాను, ఎడమకు తిప్పాను. నిజమే, ఎటు తిప్పినా ఆ తెల్లకళ్ళు నన్నే చూస్తున్నాయి. ఇన్నాళ్ళూ ఎవరినీ చూడడనుకున్నవాడు మొదటి పేజీ నుంచీ నన్నే చూస్తున్నాడన్నమాట!

అప్పుడే అమ్మ వచ్చింది. "ఏటే గుంటా, కొళాయి ఒచ్చీసింది. బిందెలెవలు పడతారు, నీ బాబా?" అని నా రెక్క పట్టుకుంది. పట్టుకున్నదల్లా అట్ట మీది ముసలాణ్ణి చూసి ఆగింది. "ఎవలీ ముసిలోడు?"

కథంతా చెప్పాను, ఇల్లు మునగడం నుంచి సముద్రాన్ని ఎండగట్టడం దాకా. అమ్మది బారువా వైపు, సముద్రం ఒడ్డు ఊరు.

"మరి కోపం రాదేటి ఆడికి?" అంది. ఇంకాసేపు చూసి, "సేతులు ఒట్టిగా ఉన్నాయేటి?" అంది.

"ఏం, ఉంటే?"

"ఇల్లు పోయినోడు ఒట్టి సేతుల్తో ఉండడే. దొరికింది పట్టుకుంటాడు. నా సిన్నప్పుడు తుపానొచ్చినప్పుడు మాయమ్మ గెంజి గరిట పట్టుకొని పరిగెట్టినాది. ఇల్లు ఎగిరిపోనాది. బడిలో దాక్కున్నాం. తెల్లారినా గరిట ఒదల్లేదు. తమ్ముడు పోనాడని సెప్పినా ఒదల్లేదు."

నాకు ఇంకో మేనమామ ఉండేవాడని నేను వినడం అదే మొదలు. అమ్మ మొహంలో ఏడుపు లేదు. బొమ్మలో తప్పు దిద్దుతున్నట్టే చెప్పింది. దాదా నా వైపు చూశాడు. నేను బెంగాలీలోకి మార్చి చెప్పాను. తమ్ముడి మాట దగ్గర దాదా టీ కప్పు కింద పెట్టేశాడు. తరవాత ఆయన ఇంగ్లీషులోకి మార్చాడు. అమ్మ మాట మూడు భాషలు దాటి ఆ ఓడ మనిషికి చేరింది.

ఆయన ముసలాడి చేతిలో గరిట గీశాడు. మామూలు వంటింటి గరిట. నాకు నవ్వు వచ్చింది, సగంలోనే పోయింది. ఎన్నో కిరణాల తుపాకులు, యంత్రాలు చూశాను గానీ ఏ విలన్ చేతిలోనూ అంత భయంకరమైన వస్తువు చూడలేదు.

"ఇంకా గట్టిగా పట్టుకోవాల," అంది అమ్మ, పిడికిలి బిగించి చూపిస్తూ.

ఆయన అమ్మ పిడికిలి వైపు చూస్తూ వేళ్ళను మళ్ళీ గీశాడు. ఈసారి ఎముకలు పైకి తేలాయి. అమ్మ తల ఊపింది. అయిందన్నట్టు ఆయన అట్టను రెండు చేతులతో అమ్మకే అందించాడు. ఆ సాయంత్రం మేం వెళ్ళేసరికి కొళాయి ఆగిపోయింది. అమ్మ ఖాళీ బిందెలను పక్కకు జరిపింది. అట్టను పొయ్యి పైన అలమరలో నిలబెట్టింది.

అన్నయ్య దాన్ని చాలాసేపు చూశాడు. "అయితే హీరో ఈడిని కొట్టకూడదంటావేటి?"

"ఆపాల. ఆపకపోతే ఊళ్ళన్నీ పోతాయి. కొట్టకూడదు," అన్నాను.

అన్నయ్య ఒప్పుకున్నాడు. మా తగవు అక్కడితో తీరింది. ఆ తరవాత నేను ఏ కామిక్స్ తెరిచినా, ఇంగ్లీషు వచ్చాక కూడా, విలన్ ఏం పోగొట్టుకున్నాడా అని వెతికేదాన్ని. కొన్నిటిలో ఏమీ ఉండేది కాదు. ఊరికే నవ్వుతూ బాంబులు పెట్టేవాళ్ళు. ఆ పుస్తకాలు నాకు చప్పగా తోచేవి. హీరోల మీద మాత్రం చులకన పోయింది. శక్తి ఊరికే వచ్చినా, దాన్ని పట్టుకుని అందరి వైపూ చూస్తూ నిలబడడం ఎంత కష్టమో మెల్లగా అర్థమైంది.

ఓడ బాగుపడింది. అది వెళ్ళే రోజు నాన్న చెబితే నేనూ అమ్మా గార్డెన్ రీచ్ రోడ్డు మీద డాకు వంతెన దగ్గరికి వెళ్ళాం. గంట మోగింది. బస్సులు, రిక్షాలు, సైకిళ్ళు అన్నీ ఆగాయి. వంతెన మీది రోడ్డే రెండుగా చీలి ఆకాశంలోకి లేచింది. ఆ ఖాళీలోంచి ఓడ మెల్లగా, చప్పుడు లేకుండా, మా ముందు నుంచి సాగిపోయింది. తుప్పు మరకలతో నల్లటి గోడ ఒకటి ఎంతకీ అవ్వకుండా నడుస్తున్నట్టుంది. పైన కమ్మీల దగ్గర మనుషులు చీమలంత ఉన్నారు. ఒకరు చెయ్యి ఎత్తారు. ఆయనో కాదో తెలియలేదు. నేను రెండు చేతులూ ఊపాను.

అమ్మ చెయ్యి ఊపలేదు. మెడ వెనక్కి వాల్చి, నోరు తెరిచి చూస్తూ ఉంది.

"ఇంత పెద్దదాన్ని నీళ్ళెలగ మోస్తన్నాయే!" అంది.