ఫ్లూటు కాగితం

2001 జూన్‌లో, యాభై దాటిన వయసులో, కదిరి వైపు ఒక ఎయిడెడ్ బాలికల హైస్కూల్లో బ్యాండు టీచరుగా చేరాను. నా దగ్గర ఏ సంగీత కళాశాల సర్టిఫికెట్టూ లేదు. మిలిటరీ బ్యాండులో క్లారినెట్ ఊది రిటైరైన మా నాయన, ఇంట్లోనే పలక మీద అయిదు గీతలు గీసి స్వరలిపి నేర్పాడు. ఆ ఇంటిచదువును నమ్మి ఉద్యోగం ఇచ్చింది స్కూలు కరెస్పాండెంట్ గారు. నా పొద్దుటి ప్రార్థనలో ఆయన పేరు ఇప్పటికీ మొదట వస్తుంది. ఈ మాట ముందే చెప్పడానికి కారణం ఉంది.

బ్యాండులో పదిహేడు మంది పిల్లలు. ఫ్లూట్లు, క్లారినెట్లు, ట్రంపెట్లు, రెండు ఆల్టో శాక్సఫోన్లు, డ్రమ్ములు. బ్యాండులో ఉన్నంత కాలం హాస్టల్లో ఉచితంగా సీటు. చెనక్కాయ పంట ఎండిపోయిన ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలకు ఆ సీటు ఉంటేనే చదువు. నల్లమాడ వైపు నుంచి వచ్చిన గంగాదేవి అలాంటిదే. తొమ్మిదో తరగతి, క్లారినెట్.

బయటివాళ్లకు వింతగా తోచే విషయం ఒకటి ఇక్కడ చెప్పాలి. పియానో మీద సి మీట నొక్కితే వినిపించేదాన్ని కాన్సర్ట్ పిచ్ అంటాం. ఫ్లూటు కాగితం మీద సి చూసి ఊదితే అదే సి పలుకుతుంది. మా క్లారినెట్, ట్రంపెట్ అదే సి చూసి ఊదితే ఒక స్వరం కిందగా బి-ఫ్లాట్ పలుకుతుంది. ఆల్టో శాక్సఫోన్ ఈ-ఫ్లాట్ పలుకుతుంది. ఆ వాయిద్యాల తయారీయే అంత. కనుక వినడానికి అందరిదీ ఒకటే కావాలంటే రాయడం వేరువేరుగా రాయాలి. క్లారినెట్‌కు ఒక స్వరం పైకి రాయాలి, ఆల్టోకు ఇంకో లెక్క. ఒకే పాటకు ఫ్లూటు కాగితం మొదట్లో రెండు ఫ్లాట్ గుర్తులుంటే, క్లారినెట్ కాగితం మీద ఏ గుర్తూ ఉండదు, ఆల్టోకు ఒక షార్ప్ ఉంటుంది.

మరుసటి ఏడు ఆగస్టు పదిహేనుకు పెద్ద అధికారి ఒకరు వస్తున్నారని, రెండు రోజుల ముందు కరెస్పాండెంట్ గారు ఒక స్వాగత గీతం తెచ్చి ఇచ్చారు. పదహారు ఆవర్తాల చిన్న పాట. మా పిల్లలు చూసి ఊదగలిగినదే. నేను మూడు రకాల కాగితాలు రాసి జిరాక్సు కోసం డ్రిల్లు మాస్టరు ఓబులేసు గారికి ఇచ్చాను. కవాతు ప్రాక్టీసంతా పెదాలు అలసిపోకుండా డ్రమ్ములతోనే సాగించాం, కొత్త పాట ఒక్కసారీ ఊది చూడలేదు.

పండగనాటి పొద్దున పిల్లలు కాగితాలను వాయిద్యాల క్లిప్పులకు బిగించుకుంటుంటే చూశాను. ఊదే పిల్లలందరికీ ఫ్లూటు కాగితమే. అడిగితే ఓబులేసు గారు నవ్వారు.

"ఏం మేడమ్, పాట ఒకటే కదా, మూడు రకాల కాగితాలేంది? ఒగరికి గుర్తులు రెండుండాయి, ఒగరికి అసలు లేనే లేవు. మీరు తప్పు రాసినారని నేనే సరిజేసినా. సార్ కూడా సూసి బాగుందన్నాడు."

అక్కడే నిలబడి ఉన్న కరెస్పాండెంట్ గారు, అందరికీ ఒకే కాగితం ఉంటే క్రమశిక్షణగా కనబడుతుందని అన్నారు. కొత్త పాట వద్దు, పిల్లలకు కంఠతా వచ్చిన పాత మార్చ్ ఊదిద్దాం సార్ అని ఒక్క మాట అనడానికి నాకు అరగంట టైముంది. నలుగురి ముందు ఆయన పొరపాటు బయటపెట్టినట్టవుతుందని, సర్టిఫికెట్టు లేని నాకు అన్నం పెట్టిన మనిషని, సరే సార్ అన్నాను.

గంగాదేవి మెల్లగా వచ్చింది. "మేడమ్, ఇది ఫ్లూటోళ్లది కదా?"

ఉన్నదే ఊదమని చెప్పాను.

ఆ పిల్ల నా మాట వినలేదు. నేను బోర్డు మీద నేర్పినట్టు, మనసులోనే ఒక్కో స్వరం పైకి ఎత్తుకుంటూ ఊదింది. ఫ్లూట్లతో సరిగ్గా కలిసింది. తక్కిన క్లారినెట్లు, ట్రంపెట్లు ఒక స్వరం కింద, ఆల్టోలు ఇంకెక్కడో. రేకుల మీద కంకర పోసినట్టు ఉండింది. అధికారి చెవి మీద చెయ్యి పెట్టుకోవడం అందరూ చూశారు.

మరునాడు విచారణ. అందరూ ఒకే కాగితం చూసి ఊదితే ఈ పాప ఒక్కతే వేళ్లు వేరేగా పెట్టిందని, అందువల్లే పాట చెడిందని ఓబులేసు గారు రాసిచ్చారు. కరెస్పాండెంట్ గారు నన్ను ఒకటే ప్రశ్న అడిగారు. గంగాదేవి కాగితంలో ఉన్నది ఊదిందా, లేదా?

లేదు సార్ అన్నాను. అదే రాసి సంతకం పెట్టాను. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. ఆ సాయంత్రం మోకరించి, అబద్ధమాడకుండా కాపాడినందుకు దేవునికి స్తోత్రం కూడా చెప్పుకున్నాను. ఆ స్తోత్రాన్ని తలచుకుంటే ఇప్పటికీ నోరు చేదుగా అవుతుంది.

గంగాదేవిని బ్యాండు నుంచి తీసేశారు, దాంతో హాస్టలు సీటూ పోయింది. వారం లోపల వాళ్ల నాయన వచ్చాడు. బెంగుళూరులో బిల్డింగు పనికి ఇంటిల్లిపాదీ పోతున్నారట.

"మా పాప తప్పు ఊదినాదంట కదమ్మా. మాకేం తెలుస్తాది? ఊదేదానికి గూడా కాగితముంటాదని ఈ పొద్దే తెలిసె" అన్నాడు. కోపం లేదు. తప్పు జరిగిందని నమ్మేశాడు.

ఆయన ట్రంకుపెట్టె ఎత్తుకుని ముందు నడిచాడు. గంగాదేవి గేటు దగ్గర ఆగింది.

"మేడమ్, నేను ఫ్లూటోళ్లతో కలిసినానా, లేదా? అదొక్కటి చెప్పండి, సాలు."

"కలిసినావు" అన్నాను.

"మరి ఆడ చెప్పలేదే."

తర్వాత ఆరేళ్లు అక్కడే పనిచేసి రిటైరయ్యాను. ప్రతి కాగితం మూల వాయిద్యం పేరు, దాని పిచ్ ఎర్రసిరాతో రాసేదాన్ని. ఎందుకు వేరువేరుగా రాస్తామో ఒక పేజీ వివరం ఆఫీసు ఫైల్లో పెట్టాను. ఆ పేజీ రాయడానికి పావుగంట పట్టింది. విచారణనాడు కూడా అంతే పట్టేది. అడిగినంతవరకే చెప్పిన నిజం ఎవరికి పనికొస్తుందో తర్వాతే తెలిసింది. అది కరెస్పాండెంట్ గారికి, డ్రిల్లు మాస్టరుకు, నాకు పనికొచ్చింది. సరిగ్గా ఊదిన పిల్లకు పనికిరాలేదు.