సమ్మయ్య మూడో చెయ్యి

ఒక పెద్దమనిషిని మౌసుతో చెరిపేసి, మర్నాడే ఆయన ఇంటికి స్నేహితుడి పెళ్ళిసంబంధం మాట్లాడటానికి వెళ్ళినవాడు ఈ లోకంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. నా కొంప ఎలా మునిగిందో వినండి.

తెలంగాణ ఉద్యమం జోరుమీదున్న రోజులు. క్యాంపస్‌లో క్లాసులకంటే ర్యాలీలే ఎక్కువ. నేను సాయంత్రాలు తార్నాకలో ఒక ఫోటో స్టూడియోలో పనిచేస్తూ, మొటిమలు తుడవడం, బట్టతలకు జుట్టు మొలిపించడం నేర్చుకుని, ఇక బ్రహ్మదేవుడు నా దగ్గర ట్యూషన్‌కి రావచ్చన్న పొగరుమీద ఉన్నాను. సరిగ్గా అప్పుడే దాపురించాడు హాస్టల్ రూమ్మేటు సమ్మయ్య. మల్కాజ్‌గిరిలో ఉండే రజిత అంటే వాడికి ప్రాణం. వాళ్ళ నాన్న బడిపంతులుకేమో ఉద్యమమంటే ప్రాణం. ర్యాలీలో నడవనివాడికి పిల్లనివ్వనని ఆయన రజితతో తేల్చి చెప్పాడు. ఆయన్ని మేమిద్దరం అప్పటికి చూడనేలేదు. మావాడు ర్యాలీ ఉందంటే దుప్పటి ముసుగు తీసే రకం కాదు.

"నన్ను ర్యాలీ ఫోటోల పెట్టురా. ముందు వరసల గావాలె," అని కూర్చున్నాడు.

వాడు చెయ్యెత్తిన ఫోటో ఒకటే దొరికింది, సిటీబస్సులో రాడ్డు పట్టుకుని వేలాడుతున్నది. రాడ్డు చెరిపితే పిడికిలి మిగిలింది. నేను తీసిన ర్యాలీ ఫోటోలో ముందు వరస కిక్కిరిసి ఉంది. ఒక ముసలాయన భుజంమీద చెయ్యేసి నడుస్తున్న మీసాల మనిషిని లేపేసి, ఆ జాగాలో వీణ్ణి నిలబెట్టాను. వీడు నా నెత్తిమీద నిలబడి ఎత్తు పెంచమని, బుగ్గలు నింపమని ప్రాణం తోడేశాడు. ఆ విసుగులో సేవ్ కొట్టాను. అదీ అసలు ఫోటో మీదే.

మర్నాడు దానికి ఫ్రేము కట్టించి, తోడుగా నన్నూ లాక్కుపోయాడు. తలుపు తీసినవి ఆ మీసాలే. సమ్మయ్య జబ్బ గిల్లాను. వాడు నన్ను విదిలించుకుని, ఫ్రేము తీసుకెళ్ళి ఆయన చేతిలోనే పెట్టాడు.

పంతులు ఫోటోలోని ముసలాయనమీద వేలు పెట్టాడు. "ఈయన మా అన్న. అన్న పక్కపొంటి నడిచింది నేను. నువ్వు గాడికెట్లొచ్చినవ్ బిడ్డా?"

"మీరు ఎనకున్నరేమో సార్," అన్నాడు మా వీరుడు.

"నీ ఒక చెయ్యి పైకి లేసింది. ఇంకోటి కిందికున్నది. మా అన్న భుజంమీద గీ మూడో చెయ్యి ఎవరిది?"

మనిషిని చెరిపిన మహానుభావుణ్ణి, ఆయన వేళ్ళు చెరపడం మరిచిపోయాను. పంతులు తన చెయ్యి ఫోటో పక్కన పెట్టాడు. అవే వేళ్ళు, అదే ఉంగరం. లోపలి గదిలోంచి రజిత నవ్వు వినిపించింది. సమ్మయ్య క్షణం ఆలస్యం చేయకుండా నన్ను చూపించాడు.

"మీవోనికి పిల్లనిస్త," అన్నాడు పంతులు నావైపు తిరిగి. "ముందుగాల నన్ను నా జాగల నిలబెట్టు."

అసలు ఫోటో ఇక లేదని నసిగాను. సమ్మయ్య నన్ను అక్కడే పాతిపెట్టేలా చూశాడు. వాడి పెళ్ళి చేతులారా చెడగొట్టానని నాకు నిజంగానే ఏడుపొచ్చింది. పంతులు మాత్రం తాపీగా, "అయితే మల్ల దిగుదాం," అన్నాడు.

తర్వాతి ర్యాలీలో అన్నదమ్ములిద్దరూ చెరో జబ్బ పట్టుకుని, మండుటెండలో మావాణ్ణి ముందు వరసలో నడిపించారు. నేను ఫోటో తీశాను. పెళ్ళయింది. ఆ ఫోటో ఇప్పటికీ వాళ్ళ హాల్లో వేలాడుతోంది. అందులో తన ఏడుపు మొహం కొంచెం నవ్వేటట్టు చెయ్యమని సమ్మయ్య నేటికీ ఫోన్లు చేసి నన్ను తింటూనే ఉంటాడు.

కాబట్టి సమస్త మిత్రులకు తెలియజేయునది: ఇకమీదట ఎవరి మొహంమీది ఏడుపూ నేను చెరపను. అందులోనూ మామగారు జబ్బ పట్టుకున్న అల్లుడి మొహం జోలికి అసలే పోను.