బాగు చేసినందుకు మెమో

మధులతక్క ఉద్యోగం పోయింది కంప్యూటరు చెడగొట్టినందుకు కాదు, బాగు చేసినందుకు. ఉద్యోగంతో పాటు పేరూ పోయింది. ఈ మాట చెబితే నవ్వేవాళ్లున్నారు. నవ్వే ముందు మొత్తం వినండి.

పన్నెండేళ్ల కిందటి మాట. నందికొట్కూరుకు ఇవతల మా మండల కేంద్రంలో పంట నష్టం జాబితాలు తయారుచేసే ఆఫీసులో ఆమె కాంట్రాక్టు ఆపరేటరు. కంప్యూటరు పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. చెడిపోయిన మిషన్లు విప్పి చూసి తనే నేర్చుకుంది. రోడ్డుకు అవతల, ఆఫీసుకు ఎదురుగా ఉన్న జిరాక్సు అంగట్లో నేను పనిచేసేవాణ్ణి. ఆ ఏడు వేరుశనగ నిలువునా ఎండింది. ఆరువందల పన్నెండు మంది రైతుల పేర్లు, సర్వే నంబర్లు, బ్యాంకు ఖాతాలు ఆమె మూడు వారాలు కూర్చుని ఎక్కించింది. దసరా సెలవులకు ముందు రోజు సాయంత్రం ఐదు లోపు జాబితా కర్నూలుకు చేరాలి. చేరకపోతే మా మండలానికి పరిహారం లేనట్టే.

ఆ రోజే ఆఫీసులో ఆయుధ పూజ. దాని కోసం ముందురోజు గదులన్నీ దులిపారు. సీనియర్ అసిస్టెంటు రామకోటయ్య బీరువాల్లోని పాత కట్టలు బయట వేయించాడు. ఇన్నేళ్లు దాటిన కాగితం ఉంచనక్కర్లేదని ఆఫీసుల్లో ఒక పద్ధతి. అదే ఊపులో, మధులతక్క అన్నానికి ఇంటికి పోయిన వేళ, కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఫైళ్లను తేదీల వారీగా పేర్చి, అడుగున ఉన్న పాతవన్నీ తీసేసి, చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాడు.

"మిషను గూడ దులిపినా సోమక్కా. ఎప్పటి చెత్తో ఉండె దాంట్లో!" అని అటెండరుతో గొప్పగా చెప్పుకున్నాడు కూడా.

ఆ చెత్తలో ఒకటి, కంప్యూటరు లేవాలంటే మొట్టమొదట వెతుక్కునే ఫైలు. అదొక్కటి లేకపోతే మిగతావన్నీ భద్రంగా ఉన్నా మిషను లేవదు. మర్నాడు కుంకుమ బొట్లు పెట్టి, నిమ్మకాయ కోసి బటను నొక్కితే, నల్ల తెర మీద ఒకే ఒక తెల్ల వరుస: ఫలానా ఫైలు లేదు.

ఆఫీసరు కర్నూలు మెకానిక్కుకు ఫోను చేశాడు. ఫార్మాట్ కొట్టాలి, ఉన్నవన్నీ పోతాయి అన్నాడతను.

"కొట్టమనండి సార్. ఈ పాప మళ్లా టైపు చేస్తాది" అన్నాడు రామకోటయ్య.

"సాయంత్రం లోపల ఆరువందల మందినా? మీరొచ్చి చేస్తారా సార్?" అంది ఆమె.

"నోరు శానా లేస్తాంది నీకు."

ఆమె అప్పటికప్పుడే మిషను విప్పి, హార్డ్ డిస్కు ఊడదీసి, చున్నీలో చుట్టుకుని రోడ్డు దాటి నా దగ్గరికొచ్చింది.

"నీ కంప్యూటరు విప్పుతానబ్బీ. ఏమనుకోవద్దు."

"మళ్లా బిగిస్తావా అక్కా? లేకుంటే మా ఓనరు నన్ను విప్పుతాడు."

"బిగిస్తా లే. నీ దాంట్లో ఉండే ఫైలొకటి కావల్ల నాకు. నకలే. నీకేం తరగదు."

రెండు మిషన్లూ ఒకే రకం. ఆమె డిస్కును నా మిషనుకు తగిలించి, నా దాంట్లోని ఆ ఫైలును దాంట్లోకి దింపింది. ఒక ఫోటో కన్నా చిన్నది. అరగంటలో ఆఫీసు కంప్యూటరు లేచింది. నాలుగున్నరకు జాబితా వెళ్లిపోయింది.

సెలవులయ్యాక విచారణ పెట్టారు. ఫైలు తీసిందెవరు?

"నాది ముప్పై ఏండ్ల సర్వీసు సార్. ఆ ఫైలు పేరు గూడ నాకు తెలీదు" అన్నాడు రామకోటయ్య. "పెట్టడం తెలిసినోళ్లకే గదా తీయడం తెలిసేది?"

ఆఫీసరుకు అది న్యాయంగా తోచింది. ఏమీ తెలియకపోవడమే అతనికి సాక్ష్యం, తెలియడమే ఆమె నేరం! అతని మాట చెవులారా విన్న అటెండరు సోమక్క తల వంచుకుంది. ఆమెదీ కాంట్రాక్టే. నేను పోయి చెప్పబోతే "జిరాక్సోనికి ఈడేం పని?" అని గేటు దగ్గరే తరిమారు. నిర్లక్ష్యంగా ప్రభుత్వ సమాచారం తొలగించినట్టు ఆమెకు మెమో ఇచ్చారు. నెల తిరిగేసరికి కాంట్రాక్టు ఆపేశారు. రైతులకు పరిహారం పడింది. రామకోటయ్యకు పూలదండ వేసి, శాలువా కప్పి రిటైరు చేశారు.

ఆ తర్వాత ఏ ఆఫీసులో పనికి దరఖాస్తు పెట్టుకున్నా ఆ మెమో ఆమె కంటే ముందే అక్కడికి చేరేది. చివరికి నందికొట్కూరులో సొంతంగా రిపేరు అంగడి పెట్టుకుంది.

పోయిన నెల కర్నూల్లో కనపడింది. కలెక్టరాఫీసులో ప్రతి సోమవారం అర్జీలు తీసుకునే చోట, ఎండలో, వరుసలో నిలబడి ఉంది. మెమో రద్దు చేయమని అర్జీ. ఎన్నోసారో ఆమే మర్చిపోయింది.

"అంగడి బాగనే నడుస్తాంది గదక్కా. ఇంగా ఎందుకిది?" అన్నాను.

రామకోటయ్యను కూడా ఆమె అంత కోపంగా చూడటం నేనెరగను.

"ఆయప్పకు నెలనెలా పింఛను వస్తాంది. ఆ కాగితంలో నా పేరు అట్లే ఉండాది. నాకు అంగడి ఉంటే సరిపోయిందా? నువ్వు పో అబ్బీ, నీ పని చూసుకో. ఈ పొద్దు తీసుకోకుంటే మళ్లా సోమారం వస్తా."