కాలిన రాగితీగ

సత్తుపల్లిలో రైతుల మోటార్లకు వైండింగ్ చేసే చాచా కొట్టు గుమ్మానికి, నల్లగా కాలిపోయిన రాగితీగ చుట్టొకటి వేలాడుతుండేది. ఏ మోటారు విప్పబోయినా ముందు చెయ్యెత్తి దాన్నొకసారి తాకేవాడు. మొక్కుకుంటున్నాడేమో అనుకునేవాళ్లు కొత్తవాళ్లు.

ఒకరోజు నేనక్కడుండగా మోటారు తెచ్చిన రైతొకడు నవ్వాడు. "గా కాలినదాన్ని ఎందుకు పెట్టినవ్ చాచా? చూసినోళ్లు నీకు పని రాదనుకుంటరు."

"అది నేను చుట్టిందే బిడ్డా," అన్నాడు చాచా తలెత్తకుండా. "నా అంత తెలిసినోడు లేడని తిరిగే రోజులవి. ఒక్కచోట తీగ ఇనుముకు తగలకుండ లోపల కాయితం పెట్టుడు మర్చిపోయిన. అంతా నాకు తెలుసు కదా అని మళ్ల చూడలె. నాలుగు రోజులకే కాలింది. నేను మళ్ల చుట్టి ఇచ్చేసరికి ఒకాయన మిర్చితోట ఎండిపోయింది."

ఆ రైతు నవ్వు ఆపి మోటారు దించాడు. చాచా నా వైపు చూడలేదు.

ఆ తోట మాదే, వేంసూరులో. ఇక చాచా గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్న నాన్న, మరుసటేడు దారిన పోతూ గుమ్మానికి ఆ తీగ చూసి లోపలికి వెళ్లాడు. ఆ తర్వాత మా మోటారును ఇంకొకరి చేత విప్పించలేదు.