మావయ్య పెంచిన కోడెదూడలు

మొన్న కువైట్‌లోని ఫింటాస్‌లో మా అమ్మాయి వాళ్ళింట్లో మనవడికి గోరువెచ్చని నీళ్ళలో పాలపొడి కలుపుతుంటే, ఆ వాసనకి నా చెయ్యి ఒక్క క్షణం ఆగిపోయింది. ముప్ఫయ్యేళ్ళ కిందట సులేబియా దగ్గర ఒక పాల ఫారంలో తెల్లవారకముందే దూడల కోసం బకెట్లకు బకెట్లు ఇలాంటి పొడే కలిపేవాళ్ళం, నేనూ మా మేనమామా. నాకు వీసా తెప్పించినవాడు ఆయనే. కోనసీమలో పశువుల మధ్య పెరిగిన మనిషి, ఇక్కడ దూడల షెడ్డుకి పెద్ద. పాలు మరవని దూడలు చీకి చీకి ఆయన వేళ్ళు ఎప్పుడూ తెల్లగా ముడతలు పడి ఉండేవి. శుక్రవారం తలంటుకుని, సెంటు కొట్టుకుని సాల్మియా బస్సెక్కినా మా పక్క సీట్లో ఎవరూ కోరి కూర్చునేవారు కాదు. జనం మనకి ఎంత గౌరవమిచ్చి చోటొదిలేస్తున్నారో చూడమని ఆయన నవ్వేవాడు.

ఫారంలో అన్నీ నలుపు తెలుపు మచ్చల సీమావులు. పెయ్యదూడల్ని పాలకోసం పెంచేవారు, కోడెదూడల్ని పుట్టిన వారానికే అమ్మేసేవారు. ఒక ఏడు ముదీర్, అంటే మా మేనేజరు, కోడెల్ని కూడా ఏడాది దాటేదాకా మేపి మాంసానికి అమ్మాలని నిర్ణయించాడు. పాలజాతి కోడెకి కండ ఓ పట్టాన పట్టదు. ముందు ఎముక పెరుగుతుంది, కండ తీరిగ్గా వస్తుంది. దాణా కన్నా ఓపిక ఎక్కువ కావాలి. ఆ ఓపిక ఉన్నవాడని మావయ్యని పిలిచారు. కోతకి పోయేవాటిని పెంచడం తనవల్ల కాదని, పేడ ఎత్తే పనైనా ఇమ్మని ఆయన నాచేత హిందీలో అడిగించాడు. ముదీర్ కోప్పడలేదు. ఎవరు మేపినా అవి వెళ్ళేచోటికే వెళతాయి, అందాకా వాటి కడుపు ఎవరు చూస్తారన్నదొక్కటే నీ చేతిలో ఉంది అన్నాడు. మావయ్య నా వైపు తిరిగి, "అయితే నేనే చూత్తానని చెప్పరా" అన్నాడు.

నలభై దూడలు. వేటికీ పేరు పెట్టలేదు. పేరంటూ పెడితే పిలవాలనిపిస్తుందని ఆయన భయం. నాలుకతో టక్కుమని చప్పుడు చేస్తే చాలు, అన్నీ తలలెత్తేవి. ఒక ఎండాకాలం మిట్టమధ్యాహ్నం షెడ్డులో ఫ్యాన్లు ఆగిపోతే, గోనెసంచులు తడిపి ఒక్కోదాని వీపున కప్పుతూ సాయంత్రందాకా తిరిగాడు. ఆ పూట ఒక్క దూడా చావలేదు. చివరికి వడదెబ్బ తగిలింది ఆయనకే.

వాటిని కబేళాకి తీసుకెళ్ళే లారీ వచ్చే రోజు తాను షెడ్డు వైపు రానని ముందే చెప్పి గదిలో పడుకున్నాడు. పుట్టి ఆ కంచె దాటని కోడెలు లారీకి ఆనించిన చెక్క దగ్గర మొరాయించాయి. లారీవాళ్ళు కర్రలు తీశారు. అరుపులు విని మావయ్య లుంగీతోనే వచ్చాడు. ఒకడి చేతిలో కర్ర లాగి పక్కన పడేసి, తాను ముందు చెక్క ఎక్కి, నాలుకతో ఆ చప్పుడు చేశాడు. ఒకటి వెనక ఒకటి, పాలకి వచ్చినట్టే వచ్చి ఎక్కాయి.

లారీ వెళ్ళాక కుళాయి దగ్గర చేతులు కడుగుతూనే ఉన్నాడు. నాకప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు. ఊరుకోలేకపోయాను.

"నమ్మించి ఎక్కించేవు మావయ్యా."

ఆయన కుళాయి కట్టేశాడు.

"అవున్రా అల్లుడూ. నేనెక్కించాపోతే కొట్టి ఎక్కిత్తారు. ఈ రెండిట్లో నాకు చేతనైంది ఇదే."

ఆ రోజు అన్నం ముట్టలేదు. ఆ తర్వాత ఆరేళ్ళపాటు ఎన్ని లారీలు వచ్చినా ఒక్కసారి కూడా గదిలో పడుకోలేదు. ప్రతిసారీ తానే ముందు ఎక్కేవాడు, ప్రతిసారీ ఆ పూట పస్తుండేవాడు. అలవాటైపోయిందేమో అనుకునేవాణ్ణి. అలవాటైనవాడు పస్తుండడని నాకు తట్టలేదు.

ఊరికి తిరిగి వెళ్ళిపోయాక ఆయన మళ్ళీ పశువుని కట్టలేదు. పాకలో కొబ్బరికాయలు పోసుకున్నాడు. నాలుగేళ్ళ కిందట పోయాడు. కలిసినప్పుడల్లా వానల గురించీ మోకాళ్ళ నొప్పుల గురించీ మాట్లాడుకున్నామే గాని, నేనన్న ఆ మాట ఆయన ఎత్తలేదు, నేను వెనక్కి తీసుకోలేదు. అబద్ధమైతే తీసుకునేవాణ్ణే, కాని నేనన్నది నిజమే. ఆయన జవాబూ నిజమే. ఆ రెండు నిజాల మధ్య ఆయన ఆరేళ్ళు నిలబడ్డాడని తెలియడానికి నాకు ఆయనంత వయసు కావలసి వచ్చింది. ఆ వయసు వచ్చేసరికి ఆయన లేడు.