పెద్దాయన అడగని ప్రశ్న

శుక్రవారం మధ్యాహ్నం అరిజోనా రాష్ట్రం చాండ్లర్‌లో ఒక సూపర్ మార్కెట్‌లో బిస్కెట్ ప్యాకెట్ వెనక్కి తిప్పి చూస్తుండగా ఫోన్‌కి ఈమెయిల్ వచ్చింది. నేను చదువుకున్న యూనివర్సిటీ డైనింగ్ హాల్లో కోషర్ వంటిల్లు, అంటే యూదుల ఆహార నియమాల ప్రకారం నడిచే వంటిల్లు, చూసుకునే పెద్దాయన పోయారట. ఆదివారం పొద్దున ఖననం. అక్కడ పని చేసిన పాతవాళ్లందరికీ కలిపి పంపిన నాలుగు లైన్ల కబురు. ప్యాకెట్ మీద కోషర్ గుర్తు పక్కన పాలకు సంబంధించిన అక్షరం ఉంటే అందులో మాంసం కలవదని నాకు నేర్పింది ఆయనే. ప్యాకెట్ అక్కడే పెట్టేసి కార్లోకి వచ్చి కూర్చున్నాను. ఏడుపు రాలేదు, భయం వేసింది.

ఆయన గురించి రాయాలంటే నా సంగతి కూడా చెప్పాలి. అది గొప్పగా చెప్పుకునే సంగతి కాదు. అందుకే ఇది రాయడానికి మూడు వారాలు పట్టింది.

ఎమ్మెస్‌కి అమెరికా వచ్చిన కొత్తలో నేను అరటిపళ్లు, బ్రెడ్ మీద బతికాను. శాకాహారం అని రాసిన సూప్‌లో కూడా ఏదో ఒకటి తేలేది. హాల్ చివర యూదు విద్యార్థుల కోసం వేరే కౌంటర్ ఉందని, అక్కడ పాలు ఒకవైపు, మాంసం ఇంకోవైపు, గిన్నెలూ గరిటెలూ సింకులూ అన్నీ వేరని తెలిసి వెళ్లాను. నెల తిరక్కుండా అక్కడే గిన్నెలు కడిగే పనిలో చేరాను. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లం క్యాంపస్‌లో తప్ప బయట పని చేయకూడదు కదా. ఆ వంటింట్లో నియమం తప్పకుండా చూసే మనిషి పెద్దాయన. డెబ్బై దాటిన వయసు, నెత్తిన గుండ్రటి చిన్న టోపీ, చొక్కా జేబులో రెండు రంగుల టేపులు. మాంసం గరిటెలకు ఎర్రది, పాల గరిటెలకు నీలంది.

చేరిన నాలుగో రోజే కొంప ముంచాను. ఇంటి నుంచి తెచ్చుకున్న పెరుగన్నాన్ని ఎర్ర టేపు గరిటెతో కలుపుకుంటున్నాను. ఆయన గుమ్మంలో నిలబడిపోయారు. పని పోయిందనుకున్నాను.

"వేడిదా, చల్లదా?" అని మాత్రం అడిగారు.

"ఫ్రిజ్‌లోంచి ఇప్పుడే తీశాను సర్."

"చల్లదైతే బతికిపోయాం, కడిగితే చాలు. వేడిదైతే గరిటె పనికిరాకుండా పోయేది" అని నవ్వి, గరిటె తీసుకుని ఆయనే రుద్ది రుద్ది కడిగారు. నాకు సిగ్గేసి, మా అమ్మమ్మ మడి కట్టుకుని ఆవకాయ జాడీ ముట్టుకోవడం, ఎంగిలి చెయ్యి దాని దరిదాపులకు కూడా రానివ్వకపోవడం చెప్పాను. ఎంగిలికి ఇంగ్లిష్‌లో మాట లేదంటే ఆయనకు భలే ముచ్చటేసింది. ఆ తర్వాత ఎవరైనా రుచి చూసిన చెంచాని మళ్లీ గిన్నెలో పెట్టబోతే వంటిల్లంతా అదిరేలా "ఎంగ్లీ!" అని అరిచేవారు. పాపం మెక్సికో నుంచి వచ్చిన వంటమనిషి అది యూదుల మాటే అనుకున్నాడు చాలాకాలం.

ఆయన ప్రవచనాలు చెప్పే మనిషి కాదు. "అన్నం దగ్గర ఎవర్నీ ఏమీ అడగకండి, వడ్డించండి" అనేవారు, అంతే. యూదుల పండగ రోజున పరీక్ష పెట్టారని ఏ పిల్లో పిల్లాడో బెంగగా వస్తే, ఏప్రన్ విప్పి, ఇస్త్రీ కోటు తొడుక్కుని, ప్రొఫెసర్ గది దాకా తోడు వెళ్లేవారు. లోపలికి వెళ్లేవారు కాదు, బయట బెంచీ మీద కూర్చునేవారు. "నేను మాట్లాడితే ముసలాడి గొడవ అవుతుంది. వాళ్లే మాట్లాడాలి. బయట ఒకరున్నారని తెలిస్తే చాలు" అనేవారు.

నేను పని చేసే గది ఇరుకు. ఆవిరి, సబ్బు వాసన. తిన్న ట్రేలు లోపలికి తోసే కిటికీ ఒక్కటే బయటి ప్రపంచం. ఒక మంగళవారం ఆ కిటికీలోంచి చూశాను. ఫస్టియర్ అమ్మాయి, రోజూ మా కౌంటర్ దగ్గరే తినేది, మెడలో గొలుసుకు చిన్న ఆరు కోణాల నక్షత్రం. నలుగురు ఆమె చుట్టూ నిలబడ్డారు. ఎక్కడో జరుగుతున్న యుద్ధం గురించి ఆమెని నిలదీస్తున్నారు. జవాబు చెప్పందే కదలనివ్వమన్నారు. ఆ అమ్మాయి పక్క ఊళ్లోనే పుట్టి పెరిగింది. "యూదులంతా మీ చోటికి మీరు పోండి" అన్నాడొకడు. ఇంకొకడు ఆమె చేతిలోంచి ట్రే లాగి, అన్నమూ కూరా అలా ఉండగానే, నా కిటికీలోకి తోశాడు. వాడు నాకు తెలుసు. మా డిపార్ట్‌మెంటే, గ్రూప్ ప్రాజెక్ట్‌లో నా పక్కన కూర్చునేవాడు. ఆ అమ్మాయి ట్రే వైపు చూసింది. నేను తల దించుకుని కుళాయి తిప్పాను.

ఆమె ఫిర్యాదు చేసింది. కెమెరా క్యాష్ కౌంటర్ వైపు తిరిగి ఉంది. చూసినవాళ్లెవరైనా ఉంటే చెప్పమని యూనివర్సిటీ ఆఫీస్ నుంచి కబురొచ్చింది. ఆ సాయంత్రం నా రూమ్మేట్‌కి చెప్పాను.

"నీకేమన్నా పిచ్చా? స్టేట్‌మెంట్ ఇస్తే నీ పేరు ఫైల్ల ఉంటది. ఇప్పుడు గొడవలంటేనే వీసాలు క్యాన్సిల్ చేస్తున్నరు. రేపు ఓపీటీ అప్లై చేసినప్పుడు ఏమన్నా అడిగితే ఏం చెప్తవ్?" అంది. ఓపీటీ అంటే చదువయ్యాక ఇక్కడ పని చేసుకునే అనుమతి, మా అందరి ప్రాణం దాని మీదే ఉండేది.

"కళ్లారా చూశానే."

"చూస్తే? ఇయ్యాల వాళ్లది, రేపు ఇంకొకల్లది. మనకెందుకు చెప్పు. వచ్చినమా, చదివినమా, జాబ్ కొట్టినమా."

ఆమె చెడ్డది కాదు. నాకోసం నిజంగానే భయపడింది. మర్నాడు ఆఫీస్‌లో ఒకావిడ మర్యాదగా కాఫీ ఇచ్చి అడిగింది, గిన్నెల గదిలోంచి ఏం కనిపించిందని. "అక్కడి నుంచి ట్రేలు తప్ప ఏమీ కనిపించవు" అన్నాను. మిగతా రోజుల్లో అది నిజమే. సాక్ష్యం చాలలేదని రెండు వారాలకు ఫిర్యాదు మూసేశారు. ప్రాజెక్ట్ మీటింగ్‌లో ఆ ట్రే లాగినవాడు నా ల్యాప్‌టాప్‌కి ఛార్జర్ అరువిచ్చాడు, నేను థ్యాంక్స్ చెప్పాను.

ఆ అమ్మాయి హాల్‌కి రావడం మానేసింది. పెద్దాయన తన స్టూల్‌ని వంటింట్లోంచి కౌంటర్ ముందుకు జరుపుకుని కాపలాగా కూర్చోవడం మొదలుపెట్టారు. "వాళ్లు బయట ఎన్ని నినాదాలైనా ఇచ్చుకోనీ, అది వాళ్ల హక్కు. ఒక పిల్ల పళ్లెం లాక్కోవడం హక్కు కాదు" అని డీన్ ఆఫీస్‌కి రెండుసార్లు వెళ్లి చెప్పొచ్చారు. రోజూ సాయంత్రం డబ్బాలో భోజనం సర్ది ఆమె హాస్టల్‌కి తీసుకెళ్లేవారు. ఆయన మోకాళ్ల నొప్పి ఎక్కువయ్యాక, మంగళవారం, గురువారం డబ్బా నా చేతికిచ్చారు.

"నువ్వు అటే వెళ్తావుగా" అన్నారు. నేను అటు వెళ్లనని ఆయనకు తెలుసు.

ఆ రెండు రోజులంటే నాకు గుండెల్లో రాయి పడేది. ఆమె గది తలుపు మీద పేరు తీసేసి ఉంది. గుమ్మం పక్కన గోడకు రెండు మేకుల చిల్లులు. వాళ్ల దేవుడి మాటలు రాసిన కాగితం ఉండే చిన్న గొట్టం అక్కడ బిగించుకుందట, ఎవరో పీకేశారు. తట్టగానే లోపల చప్పుళ్లన్నీ ఆగిపోయేవి. "ఎవరు?" "డిన్నర్." గొలుసు తీయకుండానే సందులోంచి చూసి, ఆ తర్వాత తీసేది. మేమిద్దరం ఒక నిమిషం అలా నిలబడేవాళ్లం. ఆమె ఆ గదిలోంచి బయటికి రాలేదు, నా నోట్లోంచి మాట బయటికి రాలేదు. "వేడిగా ఉంది, జాగ్రత్త" అనేదాన్ని. ఇంత చదువు చదివి నాకు దొరికిన మాట అదీ.

ఒకరోజు బంగాళాదుంపల తొక్క తీస్తూ ఆయన ముందు ఉండబట్టలేకపోయాను. "ఆ మంగళవారం సంగతి... నేను మీకొకటి చెప్పాలి" అన్నాను.

ఆయన కత్తి ఆపారు. నా వైపు చూసిన చూపులో కోపం లేదు, ఉంటే బాగుండేది. "నాకు చెప్పి నువ్వు తేలికపడతావు. ఆ పిల్లకేం ఒరుగుతుంది?" అన్నారు. ఇంకో గంపెడు దుంపలు నా ముందు పెట్టారు. అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ, నేను ఏం చూశానో ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే అబద్ధమాడతానని భయపడ్డారేమో. లేకపోతే నా భయం ఆయనకు తెలుసేమో. ఆయన దయగా ఉన్నకొద్దీ నాకు ఊపిరాడేది కాదు.

డిగ్రీ వచ్చింది, ఓపీటీ వచ్చింది, చాండ్లర్‌లో కంప్యూటర్ చిప్‌ల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. వెళ్లే రోజు ఆయన ఒక నీలం టేపు చుట్ట బహుమతిగా ఇచ్చి, "పెరుగు గరిటెకు" అన్నారు. ఏ పండక్కి ఫోన్ చేసినా ముందు "అన్నం తిన్నావా?" అనేవారు, నా దగ్గర నేర్చుకున్న తెలుగులో.

ఖననానికి వెళ్లాను. ఎండ ఉంది కానీ చలి. ఆయన దగ్గర తిన్న పిల్లలు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. వాళ్ల పద్ధతిలో చివరి మట్టి వేసేది కూలివాళ్లు కాదు, వచ్చినవాళ్లే వరసలో నిలబడి ఒక్కొక్కరూ వేస్తారు. మొదటిసారి పారను తిరగేసి, వెనక వైపుతో వేస్తారు, ఈ పని చేయడానికి చేతులు ముందుకు రావడం లేదని చెప్పినట్టు. నా ముందు నిలబడ్డ మనిషి వెనక్కి తిరిగింది. ఆ అమ్మాయే. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. రెండో ఏడే వేరే యూనివర్సిటీకి మారిపోయిందట.

"మీరు డబ్బా తెచ్చేవారు" అంది.

వరస కదులుతోంది. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ లేదు. "ఆ రోజు నేను చూశాను. అంతా చూశాను. వాడెవడో కూడా తెలుసు. చూడలేదని చెప్పాను" అన్నాను.

ఆమె ముఖంలో ఆశ్చర్యం లేదు.

"తెలుసు. మీరు తల దించుకోవడం నేను చూశాను" అంది. "ఇవాళ చెప్తారేమో అనుకుని ప్రతి మంగళవారం, గురువారం తలుపు తీసేదాన్ని."

క్షమించమని అడగడానికి నోరు రాలేదు. ఆమె క్షమించాననీ అనలేదు. ఆమె వంతు వచ్చింది. పార తిరగేసి ఒకసారి, సరిగా పట్టుకుని రెండుసార్లు మట్టి వేసింది. శవపేటిక చెక్క మీద పడ్డ చప్పుడు వినిపించింది. నేను చెయ్యి చాచాను. మన ఇళ్లలో ఉప్పు చేతికివ్వనట్టే, వాళ్లు ఆ పార చేతికివ్వరట. ఆమె దాన్ని మట్టి కుప్పలో నిలువుగా గుచ్చి, నాకు దారిచ్చి, పక్కకు జరిగి నిలబడింది.